తీసి చూపిస్తేనే ఖాతా: మా అమ్మాయిగారి పదవీ విరమణ వేళ

పందొమ్మిది వందల ఎనభై తొమ్మిది, జూలై పదవ తేదీ, సోమవారం. ఆ ఉదయం ఆకాశం కురవాలో వద్దో తేల్చుకోలేక, నల్లగా కిందికి దిగివచ్చి ఇళ్ల కప్పుల మీద ఆగిపోయి, ఆఫీసులు తెరిచే వేళకు నాలుగు చినుకులు మాత్రం విదిల్చి, ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు తెల్లబడి కూర్చుంది. ఆ నాలుగు చినుకులకే తడిసిన గొడుగును ఎక్కడ ఆరబెట్టాలో తెలియక, అడగడానికి మొహమాటపడి, నీళ్లు కారుతున్న గొడుగును చేత్తోనే పట్టుకుని మా బ్యాంకు శాఖ మెట్లెక్కిన ఇరవైనాలుగేళ్ల యువతి ఆ రోజే గుమస్తాగా విధుల్లో చేరారు. ఈ నెలాఖరున సీనియర్ అధికారిణి హోదాలో పదవీ విరమణ చేయబోతున్న, చిన్నా పెద్దా అందరం ఆప్యాయంగా "అమ్మాయిగారు" అని పిలుచుకునే వ్యక్తి వారే.

అరవయ్యేళ్ల వయసులో ఇంకా అమ్మాయిగారేమిటని కొత్తగా చేరిన సిబ్బంది ఆశ్చర్యపోవడం సహజం. దానికి మూలం ఆ మొదటి సోమవారంలోనే ఉంది. పొదుపు ఖాతాల కిటికీ దగ్గర కూర్చోబెట్టిన కాసేపటికి ఒక వడ్రంగి పెద్దాయన వచ్చి, చెవిమీది పెన్సిలు కూడా తీయకుండా లోపలికి తొంగిచూసి, "అమ్మాయిగారూ, ఇక్కడ పెద్దవాళ్లెవరన్నా ఉన్నారా?" అని అడిగారట.

"నేనే ఉన్నానండీ ప్రస్తుతానికి."

"అయితే మరీ చిన్న బ్యాంకన్నమాట," అని ఆయన వెనుదిరగబోయారు.

"చిన్న బ్యాంకేనండీ. అందుకే మీ పని తొందరగా అయిపోతుంది. కూర్చోండి."

ఆయన కూర్చున్నారు. పని తొందరగా అయిందో లేదో తెలియదు గానీ, పిలుపు మాత్రం స్థిరపడిపోయింది. ఆ పెద్దాయన ఉన్నన్నాళ్లూ వేరే కిటికీకి వెళ్లలేదు. వరసలో ఎంతమంది ఉన్నా "నాకు అమ్మాయిగారే కావాలి" అని గోడకు ఆనుకుని నిలబడేవారు. ఆయన్ను చూసి ఇంకొకరు, వారిని చూసి మరొకరు, చివరికి మేనేజర్లు సైతం అదే మాట పలికేవారు.

తొలి దశాబ్దంలో అమ్మాయిగారు బ్యాంకులో చేయని పని లేదంటే అతిశయోక్తి కాదు. ఉత్తరాల పంపకం, చెక్కుల పరిష్కారం, నగదు లెక్కింపు, లాకర్ల తాళాలు: ఏ బల్లమీదికి పంపినా వారం తిరిగేసరికి ఆ బల్లకు కొత్త క్రమం వచ్చేది. మధ్యలో రెండు బదిలీలు. మొదటిచోట మేడమీది గది, మెట్లు నిటారుగా ఉండేవి. పైకి ఎక్కలేని ఖాతాదారుల కోసం రోజూ మధ్యాహ్నం తామే కిందికి దిగి, పక్కనున్న సైకిలు దుకాణం అరుగుమీద కూర్చుని కాగితాలు రాసిచ్చేవారు. రెండోచోట కంప్యూటర్లు వచ్చాయి. మావాళ్లలో చాలామంది ఆ యంత్రాలను చూసి, అత్తవారింటికి వచ్చిన కొత్తల్లుడి దగ్గర ఉన్నంత జాగ్రత్తగా, దూరంగా ఉంటే, అమ్మాయిగారు నెల తిరక్కుండానే నేర్చుకుని మిగతావారికి నేర్పారు. కొత్తదనాన్ని వారు ఏనాడూ ద్వేషించలేదు. ఈ మాట ఇక్కడ నొక్కి చెప్పడం అవసరం, ఎందుకంటే తర్వాతి కాలంలో వారు ఫోను ఖాతాల విషయంలో చూపిన పట్టుదలను కొందరు మరోలా అర్థం చేసుకున్నారు.

రెండువేల ఏడులో అధికారిణిగా పదోన్నతి పొంది తిరిగి మా శాఖకే వచ్చాక, పొదుపు ఖాతాల విభాగం పూర్తిగా వారి చేతికి వచ్చింది. అప్పుడు మొదలుపెట్టిన పద్ధతిని మేమంతా "తీసివేత పరీక్ష" అని ఎగతాళిగా పిలుచుకునేవాళ్లం. ఎవరైనా, ముఖ్యంగా వయసు మీరినవారు, దాచుకున్నది వేసుకోవడానికి ఖాతా కావాలని వస్తే, ఇతర బ్యాంకులవారు ఎంత వేస్తారని అడుగుతారు. అమ్మాయిగారు మాత్రం ఎలా తీస్తారని అడిగేవారు. నామమాత్రపు మొత్తంతో ఖాతా తెరిపించి, "మళ్లీ వారం ఒంటరిగా రండి. ఎవరి సాయమూ లేకుండా ఇందులోంచి కొంచెం తీసుకెళ్లండి. అది మీకు తేలిగ్గా అనిపిస్తే మిగతాది వేసుకుందాం" అని పంపేసేవారు.

అప్పటి మేనేజరుగారు తల పట్టుకున్నారు. "అమ్మాయిగారూ, మనం బ్యాంకు తెరిచింది జనం వెయ్యడానికండీ. మీరేమో రాగానే తియ్యడం నేర్పిస్తున్నారు."

"తియ్యడం వచ్చాక ధైర్యంగా వేస్తారు సార్."

"వెయ్యకపోతే?"

"వాళ్లకి మన దగ్గర సుఖం లేదని తెలుస్తుంది. అది కూడా తెలియాలిగా."

మేనేజరుగారు ఇంకేదో అనబోయి, టీ తాగి ఊరుకున్నారు. ఏడాది తిరిగేసరికి ఆ విభాగంలో వేసినవారే ఎక్కువగా ఉండటం చూసి, ఆ పద్ధతి తమ ఆలోచనేనని పై అధికారులతో చెప్పుకున్నారని వినికిడి. అమ్మాయిగారు కాదనలేదు.

ఆ విభాగంలో వారు మాట్లాడే తీరు ఎలా ఉండేదో తెలియాలంటే రిటైరైన బస్సు డ్రైవరుగారి ఉదంతం ఒక్కటి చాలు. ఒకరోజు ఆయన పత్రికలోంచి చింపిన ప్రకటన ముక్క ఒకటి మడిచి జేబులో పెట్టుకుని వచ్చారు.

"వీళ్లెవరో మీకంటే ఎక్కువ వడ్డీ ఇస్తామంటున్నారు అమ్మాయిగారూ."

"చాలా ఎక్కువేనండీ. ఎన్నాళ్లిస్తారో కూడా వేశారా?"

"కింద చిన్నచిన్న అక్షరాల్లో ఏదో ఉంది. కళ్లజోడు ఇంట్లో మర్చిపోయాను."

"మీరు మర్చిపోతారనే వాళ్లు ఆ అక్షరాల్లో వేశారు," అని అమ్మాయిగారే చదివి చెప్పారు. ఆ వడ్డీ మొదటి కొన్ని నెలలకే. ఆపైన సగానికి పడిపోతుంది. పైగా ఏడాదిలో ఇన్నిసార్లకు మించి తీయకూడదు. తీయాలన్నా ఫోనులోనే తప్ప మనిషి ఉండే కిటికీ లేదు.

"ఫోను మా మనవడు చూస్తాడండీ."

"కిందటిసారి మీకు ఉన్నపళంగా డబ్బు కావలసి వచ్చిందెప్పుడు?"

డ్రైవరుగారు ఆలోచించారు. "మా ఆవిడ స్నానాలగదిలో జారినప్పుడు."

"మనవడు ఇంట్లోనే ఉన్నాడా అప్పుడు?"

"ఏదో పరీక్షంటూ ఊరెళ్లాడు." ఆయన ఆ కాగితం ముక్కను మళ్లీ మడిచారు. "అంటే వద్దంటారా?"

"వద్దనడం లేదండీ. ఏడాదిదాకా ముట్టుకోనిది ఏదన్నా ఉంటే, ఆ చిన్నక్షరాలు మీకు సమ్మతమైతే, అక్కడ పెట్టుకోండి. ఆవిడ మళ్లీ జారితే కావలసింది మాత్రం మీ కాళ్లు తీసుకెళ్లే చోట ఉంచుకోండి."

"మళ్లీ జారడమేంటండీ, నోరు మంచిదవ్వాలి!"

"అందుకేగా తడి నేలమీద పరుచుకునే పట్టా కూడా కొనమంటున్నాను."

బెంచీమీద కూర్చున్నవారంతా నవ్వారు. డ్రైవరుగారు ఆ రోజు అవసరానికి కావలసింది మా దగ్గరే ఉంచి, దారిలో పట్టా కూడా కొనుక్కుని ఇంటికెళ్లారు.

ఇంత జాగ్రత్త, ఇంత ఓర్పు గల అమ్మాయిగారు ఒక్కరి విషయంలో మాత్రం ఆ పరీక్ష పెట్టడం మరిచారు. ఈ సంగతిని ఇక్కడ రాయడం వారి అనుమతితోనే కాదు, వారి ఆదేశంతో జరుగుతోంది. "మంచివన్నీ రాసి ఇదొక్కటి వదిలేస్తే ఆ వ్యాసం నాది కాదు" అన్నారు. ఎవరి గురించి రాస్తున్నామో ఆ పెద్దావిడను కూడా అడిగాం. "రాసుకోండి. నా వయసు మాత్రం వెయ్యకండి" అన్నారు. కాబట్టి వెయ్యడం లేదు.

ఆవిడ అమ్మాయిగారి అక్కగారు. వృత్తిరీత్యా బట్టలు కుట్టేవారు. తల్లి పోయాక చెల్లెలిని పెంచి, చదివించి, ఉద్యోగం చేతికొచ్చేదాకా వెనక నిలబడినవారు. అమ్మాయిగారి భర్త పరమపదించిన ఏడాది, తమ కుట్టుమిషన్లు రెండూ బండికెత్తించుకుని చెల్లెలి గుమ్మంలో దిగి, "నీకు తోడుగా వచ్చాననుకునేవు. నాకు అద్దె మిగులుతుందని వచ్చాను" అన్నారట. ముందుగది ఆవిడ దుకాణమైంది. కిటికీ పక్కన ఒక మిషను, గోడవారన ఇంకొకటి, మధ్యలో బల్ల, బల్లకింద గుడ్డముక్కల మూట.

ఆవిడ ఖాతా మొదటినుంచీ మా శాఖలోనే. చెల్లెలి కిటికీకి మాత్రం వచ్చేవారు కాదు. "దాని దగ్గరికెళితే నా పాస్‌బుక్కు చూస్తుంది" అని పక్క కిటికీలో నిలబడేవారు. గురువారం పొద్దున్నే వచ్చి, కావలసింది తీసుకుని, సంచిలో పెట్టుకుని, బెంచీమీద కూర్చుని డ్రైవరుగారితో కాసేపు జగడమాడి వెళ్లడం అలవాటు. ఆయన చొక్కాకు తాము కుట్టిన జేబు వంకరగా ఉందని ఆయనంటే, మనిషే వంకరగా కూర్చుంటారని ఆవిడనేవారు.

కొన్నేళ్ల కిందట మా బ్యాంకు కూడా ఫోను ఖాతాను ప్రవేశపెట్టింది. వడ్డీ కాస్త ఎక్కువ, పాస్‌బుక్కు ఉండదు, కిటికీ ఉండదు, సర్వం ఫోనులోనే. ప్రతి శాఖా ఇన్ని ఖాతాలు మార్చాలని పైనుంచి ఒత్తిడి. అమ్మాయిగారు బయటివారికి ఎవరికీ పరీక్ష లేకుండా మార్చలేదు. ఇంట్లో మాత్రం, భోజనాలయ్యాక, తామే కాగితం నింపి అక్కగారి ముందు పెట్టారు.

"అక్కా, దీనిమీద సంతకం పెట్టు. నీకు వడ్డీ ఎక్కువొస్తుంది. నువ్వేం చెయ్యక్కర్లేదు."

"ఏం చెయ్యక్కర్లేదా?"

"ఏం చెయ్యక్కర్లేదు. అంతా ఫోనులోనే. నీది బటన్ల ఫోను కదా, అందుకని నా నంబరే ఇచ్చాను. ఎప్పుడు కావాలన్నా నాకొక్క మాట చెప్పు, సాయంత్రానికి తెచ్చేస్తాను."

అక్కగారు నోట్లో ఉన్న దారాన్ని పళ్లతో తెంపి, వేలు పెట్టి చూపించిన చోట సంతకం చేశారు. ఒక్క మాట కూడా అనలేదు. అనకపోవడం ఆవిడ స్వభావం కాదని అమ్మాయిగారికి ఆ రాత్రి తోచలేదు.

గురువారాలు బెంచీమీద ఆ చోటు ఖాళీగా ఉండసాగింది. "అక్కగారు రావట్లేదేంటండీ?" అని మా అటెండరు అడిగితే, "ఇప్పుడావిడకి రావలసిన పనే లేదు. ఇంట్లో కూర్చునే అన్నీ అయిపోతాయి" అని అమ్మాయిగారు సంతోషంగా చెప్పారు. డ్రైవరుగారు మాత్రం, జగడానికి మనిషి లేక, ప్రకటనలు చదువుకుంటూ కూర్చునేవారు.

అక్కగారు ఒక్కసారి కూడా డబ్బు కావాలని చెప్పలేదు. అవసరం లేదు కాబోలనుకున్నారు అమ్మాయిగారు. కుట్టుపని మీద వచ్చేది రోజువారీ ఖర్చుకు సరిపోతూనే ఉంది. తెలుస్తున్నదల్లా ఏమిటంటే, ఆవిడ ఈ మధ్య ముందే తినేసి, చెల్లెలి కంచం మూతపెట్టి ఉంచడం. కళ్లద్దాల పిడి ఊడితే దారంతో చుట్టుకోవడం. "కొత్తవి కొనుక్కోవచ్చుగా అక్కా" అంటే "ఇవి పోతే చూద్దాం" అనడం.

ఒక సాయంత్రం అమ్మాయిగారు ఇంటికి చేరేసరికి ముందుగదిలో వెలుతురు ఎక్కువగా ఉన్నట్టనిపించింది. చూస్తే కిటికీ పక్కన మిషను లేదు. అది ఉన్నచోట నేలమీద నాలుగు కాళ్ల గుర్తులు, వాటి మధ్య కొంచెం నూనె మరక మాత్రం ఉన్నాయి.

"మిషనేదక్కా?"

"అమ్మేశాను."

"ఎందుకు?"

"తొక్కలేకపోతున్నానే. కాలు లాగుతోంది."

"అది మోటారు మిషను కదక్కా! కాలితో తొక్కేది ఇదిగో, ఇక్కడే ఉంది."

అక్కగారు గోడవారనున్న మిషను వైపు ఒకసారి చూసి, "అయితే చెయ్యి లాగుతోంది" అన్నారు.

అమ్మాయిగారికి నవ్వొచ్చింది, మరుక్షణమే ఆ నవ్వు ఆగిపోయింది. చేతిసంచి బల్లమీద పెట్టి, గుడ్డముక్కల మూట పక్కన నేలమీదే కూర్చున్నారు.

"డబ్బు కావలసొచ్చిందా?"

"ఆఁ, కావలసొచ్చింది."

"నీ ఖాతాలో ఉంది కదక్కా. మిషను అమ్ముకోవలసిన ఖర్మేంటి? నాకొక్క మాట చెబితే..."

"అదేనే. నీకు చెప్పాలి."

"చెబితే ఏమైంది? నేను కాదంటానా?"

"నువ్వెందుకు కాదంటావు, బంగారంలాంటిదానివి. నేను చెప్పగానే తెచ్చిస్తావు. ఎందుకక్కా అని కూడా అడగవు. అడక్కుండా నా మొహంలోకి చూస్తావు చూడు, ఆ చూపుకంటే మిషను అమ్ముకోవడం తేలికనిపించింది."

"నేనట్లా చూస్తానా?"

"ఇప్పుడెట్లా చూస్తున్నావు మరి?"

అమ్మాయిగారు చూపు దించుకున్నారు. అక్కగారు చేతిలోని చొక్కా తిరగేసి, గుండీ కుడుతూ, సూది మీదినుంచి కళ్లెత్తకుండా అన్నారు: "నా చేత్తో కుట్టుకున్నాను, నా చేత్తో దాచుకున్నాను. నాకు బుద్ధి పుట్టినప్పుడు నా చేత్తో తీసుకునేదాన్ని. ఎవరికిచ్చానో, ఏం కొన్నానో, ఏ మూల పారేశానో నాకు తెలిస్తే చాలేది. ఇప్పుడు తీసే చెయ్యి నీదైంది. వడ్డీ ఎక్కువేనే, కాదనను. కానీ నీ ఇంట్లో నీ అన్నం తింటూ నా డబ్బు నిన్నడిగి తీసుకుంటే, ఇంక నాదంటూ ఏముంది ఇక్కడ?"

అన్నేళ్లుగా వచ్చినవారందరినీ ఎలా తీస్తారని అడిగిన తాము, తమను పెంచిన మనిషిని ఆ ప్రశ్న అడగనేలేదు. ఇంట్లో మనిషి కాబట్టి అడగనక్కర్లేదనుకున్నారు. ఆ రాత్రి ఇద్దరూ వేరువేరుగానే తిన్నారు. కాదు, అక్కగారు తిన్నారు. మూతపెట్టిన కంచం పొద్దుటిదాకా అలాగే ఉంది.

తెల్లవారి అమ్మాయిగారు అక్కగారిని తామే వెంటబెట్టుకుని తీసుకెళ్లలేదు. "అక్కా, నీకు వీలైన రోజున బ్యాంకుకి వస్తావా? నీ డబ్బు ఎక్కడ పెట్టుకుంటావో నువ్వే చెబుదువు గానీ" అని అడిగి, వెళ్లిపోయారు. అక్కగారు రెండు రోజులు బెట్టు చేసి, మూడో రోజు సంచి భుజానికేసుకుని వచ్చారు. అమ్మాయిగారు లేచి కుర్చీ చూపించారు.

"కూర్చోండి. చెప్పండి, మీకెలాంటి ఖాతా కావాలి?"

"ఏంటే, కొత్తగా మీరంటున్నావు?"

"ఇక్కడ మీరేనండీ."

"సరేలెండి," అని అక్కగారు కొంగు సర్దుకున్నారు. "నాకు ఫోను వద్దు. పుస్తకం కావాలి. కిటికీలో మనిషుండాలి. వడ్డీ ఎంత తగ్గుద్ది?"

"కొంచెం తగ్గుతుందండీ."

"కొంచెమంటే? గుడ్డ కొలిచినట్టు చెప్పండి."

అమ్మాయిగారు ఒకసారి లెక్కవేసి, "ఏడాదికి ఒక చొక్కా కుట్టుకూలంత" అన్నారు.

"రెండు జేబుల చొక్కానా, ఒక జేబుదా?"

"ఒక జేబుది."

"అయితే పోనీ. ఆ పాటి చొక్కా నేను పొద్దున్న కూర్చుంటే మధ్యాహ్నానికి కుడతాను." పక్కనున్న డ్రైవరుగారు, "జేబు వంకరగా కుట్టేటట్టయితే ఇంకా తొందరగా అవుతుంది" అని అందించారు. ఎన్నో గురువారాల తర్వాత బెంచీకి పాత కళ వచ్చింది.

ఖాతా మారింది. పరీక్ష మిగిలింది. తర్వాతి గురువారం అక్కగారు రాగానే అమ్మాయిగారు తమ బల్ల దగ్గర్నుంచి లేచి, పాత కాగితాల గదిలోకి వెళ్లి, తలుపు దగ్గరగా వేసుకున్నారు. అక్కగారు వరసలో నిలబడి, చీటీ నింపి, తీసుకోవలసింది తీసుకుని వెళ్లిపోయాక, మా క్యాషియరు ఆ గది దాకా వెళ్లి, "మేడమ్, అక్కగారు ఈ రోజు..." అని మొదలుపెట్టాడు.

"నాకు చెప్పకండి. ఆవిడ మన ఖాతాదారు."

అంతే. మిషను ఎందుకమ్మారో అమ్మాయిగారు ఆనాడు అడగలేదు, ఆ తర్వాతా అడగలేదు, ఈనాటికీ తెలియదు. కొన్నవారి దగ్గర్నుంచి దాన్ని తిరిగి తేవాలని మాత్రం ప్రయత్నించారు. అది అప్పటికే చేతులు మారిపోయింది. కిటికీ పక్కకు గోడవారనున్న మిషను జరిగింది. అక్కగారు ఇప్పుడు కాలితో తొక్కేదే తొక్కుతున్నారు.

ఈ అనుభవం ఇంటితో ఆగిపోయుంటే ఇక్కడ ప్రస్తావించవలసిన అవసరం ఉండేది కాదు. ఆ నెలలోనే అమ్మాయిగారు మా శాఖలో మిగతా సిబ్బంది మార్చిన ఫోను ఖాతాల్లో, వృద్ధుల పేరున ఉండి ఇంకొకరి ఫోను నంబరు ఉన్నవాటి వివరాలన్నీ తీయించి, ఒక్కొక్కరినీ పిలిపించి, ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడారు. "మా కోడలు చూసుకుంటుందమ్మా, నాకదే హాయి" అన్నవారిని అలాగే వదిలేశారు. హాయి కాదన్నవారికి పుస్తకం తిరిగి ఇప్పించారు. కొందరు ఏమీ అనక తలొంచుకున్నారు. వారికి మాత్రం మరొకరోజు, వెంట వచ్చినవారు లేకుండా, మళ్లీ కబురుపెట్టారు.

మారిన ఖాతాలు వెనక్కి మారుతున్నాయని తెలిసి ప్రాంతీయ కార్యాలయం నుంచి అధికారిగారు వచ్చారు. సమావేశంలో మా అందరిముందూ కారణం అడిగారు. అమ్మాయిగారు నిలబడి, లెక్కలేమీ చూపించకుండా, తమ అక్కగారి మిషను సంగతి మొదటినుంచి చివరిదాకా చెప్పారు. తమ తప్పును తప్పుగానే చెప్పారు. మేమెవ్వరం అంతకుముందు వినలేదు. అధికారిగారు ముందున్న ఫైలు మూసి, "మా నాన్నగారి ఖాతాకి నా నంబరే ఉందండీ" అన్నారు. ఆపైన, తదుపరి ఉత్తర్వులు వచ్చేవరకు ఈ శాఖలో పాస్‌బుక్కు కిటికీని, ఈ పరీక్షను కొనసాగించవచ్చని సెలవిచ్చారు. ఆ తదుపరి ఉత్తర్వులు ఇంతవరకు రాలేదు. అమ్మాయిగారికి ఆ ఏడు రావలసిన పదోన్నతి కూడా రాలేదు. ఆ రెండింటిలో దేని గురించీ వారు ఎవరినీ వాకబు చేయలేదు.

ముప్పై అయిదేళ్లకు పైబడిన సేవాకాలంలో అమ్మాయిగారు మాకు నేర్పిన పని చాలా ఉంది. మనిషికి మంచి జరగాలని మనం ఎంత కోరుకున్నా, ఆ మనిషిని ఒక మాట అడిగి చేయాలన్నది వాటిలో కష్టమైనది. వారు దాన్ని ఖరీదుపెట్టి నేర్చుకుని మాకు ఉచితంగా ఇచ్చారు. వారి బల్లమీదికి రాబోయేవారు తెలివైనవారే కావచ్చు, వేగంగా పనిచేసేవారే కావచ్చు. ఆ బల్లకు ఎదురుగా కుర్చీని మాత్రం తీసివేయవద్దని శాఖ సిబ్బంది తరఫున సవినయంగా మనవి.

ఇకమీదట అమ్మాయిగారు పొద్దున్నే లేవవలసిన పని లేకుండా లేవాలనీ, వారి కాళ్లు వారు వెళ్లదలచిన చోటికల్లా వారిని తీసుకెళ్లాలనీ, కంటిచూపు చిన్నక్షరాలకు కూడా లొంగాలనీ, అక్కచెల్లెళ్లిద్దరూ నిండు ఆరోగ్యంతో, చీటికిమాటికి పోట్లాడుకునేంత ఓపికతో చిరకాలం వర్ధిల్లాలనీ, శాఖలోని ప్రతి ఒక్కరమూ మనసారా కోరుకుంటున్నాం.

మా బ్యాంకు పత్రిక ఈ సంచికకు రెండు మాటలు చెప్పమని అడగడానికి మొన్న అక్కగారిని శాఖకు ఆహ్వానించాం. "దాని గురించి నేను చెప్పేదేముంది, మీకే ఎక్కువ తెలుసు" అని ఆవిడ ఒక్క మాటతో తేల్చేశారు. మధ్యాహ్నమైంది. వెనకగదిలో పొడవాటి బల్ల చుట్టూ అందరం కూర్చున్నాం. డబ్బాలు తెరుచుకున్నాయి. అమ్మాయిగారు తమ డబ్బాలోని కూర గరిటెతో తీసి, అక్కగారి కంచం దాకా చెయ్యి చాపి, అక్కడ ఆగారు. వడ్డించలేదు. గరిటె పట్టుకుని ఎదురుచూశారు. అక్కగారు ఆ గరిటె వైపు చూసి, చెల్లెలి వైపు చూసి, కంచాన్ని కాస్త ముందుకు జరిపారు. అమ్మాయిగారు వడ్డించారు. అందరం తిన్నాం.